ఫ్యాక్సు లైనును ఈ-మెయిలుకు కలపడం: నరసాపురం నుంచి ఒక సందేహం

లేసు గడి (నరసాపురం)

సభ్యులందరికీ నమస్కారం. మా మామగారు నరసాపురంలో చాలా ఏళ్లుగా లేసు అల్లికలను విదేశాలకు ఎగుమతి చేస్తున్నారు. లెక్కలు, ఉత్తర ప్రత్యుత్తరాలు, కంప్యూటరు పని ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. మా కొనుగోలుదారులలో చాలామంది ఎప్పుడో ఈ-మెయిలుకు మారిపోయారు గానీ, జపానులోని ఇద్దరు పాత ఖాతాదారులు మాత్రం నేటికీ గడుల కాగితం మీద నమూనాను చేత్తో గీసి ఫ్యాక్సులోనే పంపుతారు.

రెండు నెలల క్రితం మా వీధిలో రాగి తీగలు తీసివేసి ఫైబరు ఇచ్చారు. నంబరు మారలేదు, ముందున్న 08814 తోనే ఉంది. ఫైబరు డబ్బాకు వెనక ఉన్న ఫోను పోర్టులో మా ఫ్యాక్సు యంత్రాన్ని పెట్టాము. మాటలు ఇదివరకటి కంటే స్పష్టంగా వినిపిస్తున్నాయి. ఫ్యాక్సు మాత్రం సగం కాగితం వచ్చి ఆగిపోతోంది. పూర్తిగా వచ్చిన రోజున కూడా నమూనాలో అక్కడక్కడ గడులు కుదించుకుపోయి, రెండు వరుసలు ఒకటిగా కలిసిపోతున్నాయి. అల్లికలో ఒక్క వరుస తగ్గినా పువ్వు రేకు వంకరపోతుంది. చూసుకోకుండా పల్లెకు పంపామంటే అల్లినవారి శ్రమ అంతా వృథా అవుతుంది.

ఆ కాగితం యంత్రంలో కాకుండా నేరుగా మా ఈ-మెయిలుకు వచ్చే మార్గం ఉన్నదా, ఉంటే అది మా ఊళ్లో కుదురుతుందా అన్నది నా ప్రశ్న. మామగారు ఒక షరతు పెట్టారు. ఫ్యాక్సు పంపినవారికి కాగితం చేరిందన్న రసీదు అక్కడికక్కడే రావాలట, మేము పంపినప్పుడు మాకూ రావాలట. "మెయిలులో అది లేదు కదా, పంపాక చేరిందో లేదో దేవుడికే తెలియాలి" అని వారి వాదన.

చెరువు గట్టు (భీమవరం)

మా రొయ్యల లావాదేవీలలో ధర దగ్గర నుంచి కౌంటు వరకు అన్నీ వాట్సాప్‌లోనే నడుస్తున్నాయి. నమూనాను ఫోనుతో ఫొటో తీసి పంపమని వారికి ఒక్క మాట చెబితే సరిపోయేదానికి ఇంత ఆలోచన ఎందుకో నాకు అర్థం కాలేదు.

లేసు గడి (నరసాపురం)

చెప్పి చూశాము. అందులో ఒకరు ఎనభై దాటిన పెద్దాయన. కొనేది ఆయన కనుక ఆయన పద్ధతికి మేము సర్దుకోవాలి.

తీరం నెట్ (కాకినాడ)

చెరువు గట్టు గారు, జపాను విషయంలో మీరు అనుకున్నంత తేలిక కాదు. అక్కడ ప్రభుత్వ కార్యాలయాలలో ఫ్యాక్సు వాడకం ఆపాలని 2021లో మంత్రి కోనో తారో ప్రయత్నిస్తే, ఇది కుదరదంటూ శాఖల నుంచే వందలకొద్దీ అభ్యంతరాలు వచ్చాయి.

ఇక సమస్యకు వస్తాను. ఫైబరు మీద మీ మాట మాటగా వెళ్లదు, సమాచారపు చిన్న చిన్న పొట్లాలుగా (ప్యాకెట్లుగా) వెళుతుంది. మాటను అంకెలుగా మార్చే పద్ధతిని కోడెక్ అంటారు. జీ.711 అనే కోడెక్ సెకనుకు 8,000 సార్లు ధ్వనిని కొలిచి 64 కిలోబిట్లుగా పంపుతుంది. ఫ్యాక్సు ధ్వని అందులో దాదాపుగా చెడకుండా దాటుతుంది. జీ.729 అనేది అదే మాటను 8 కిలోబిట్లకు కుదిస్తుంది. అది మనిషి గొంతుకు కొలత తీసి కుట్టిన చొక్కా వంటిది కనుక ఫ్యాక్సు యంత్రంలో సమాచారాన్ని కూతగా మార్చే మోడెముకు సరిపోదు. మాట స్పష్టంగా ఉండి ఫ్యాక్సు చెడుతున్నదంటే మొదట అనుమానించవలసింది ఈ కోడెక్‌నే. మీ లైను ఏ కోడెక్‌తో నడుస్తున్నదో, ఫ్యాక్సును ఇంటర్నెట్ మీద మోసే టీ.38 అనే సౌకర్యం ఉన్నదో లేదో కనెక్షను ఇచ్చినవారిని అడిగి ఇక్కడ తెలియజేయండి.

పాత ఎక్స్ఛేంజి (రాజమహేంద్రవరం)

నేను టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. మామగారి షరతును ఎవరూ తేలికగా తీసుకోకండి, ఎందుకంటే ఫ్యాక్సుకూ మెయిలుకూ ఉన్న అసలు తేడాను ఆయన ఒక్క ముక్కలో పట్టుకున్నారు.

ఒక ఫ్యాక్సు కాల్‌లో ఏం జరుగుతుందో వినండి. పిలిచే యంత్రం 1100 హెర్ట్జ్ కూతను అర సెకను పాటు వేసి, మూడు సెకన్లు ఆగి, మళ్లీ వేస్తుంది. ఎత్తిన యంత్రం 2100 హెర్ట్జ్ కూతతో బదులిస్తుంది. ఆ తర్వాత ఎత్తినది తన శక్తి ఎంతో, అంటే ఎంత వేగం, ఎంత సన్నని గీత, తప్పులు దిద్దే పద్ధతి ఉన్నదా లేదా అనే వివరాలను చెబుతుంది. పిలిచినది వాటిలో తనకు కుదిరినవి ఎంచుకుని, ఒకటిన్నర సెకను పాటు వరుస సున్నాలు పంపి లైనును పరీక్షిస్తుంది. ఆ సున్నాలు సరిగా వస్తే కాగితం బయలుదేరుతుంది, రాకపోతే వేగం తగ్గించుకుని మళ్లీ పరీక్ష పెడతారు. 14,400 నుంచి 9,600కు, అక్కడి నుంచి 4,800కు దిగడం నేను ఎన్నోసార్లు చూశాను. శ్రావణ మాసంలో కేబులు జాయింట్లలోకి నీరు చేరినప్పుడు మన డెల్టాలో ఫ్యాక్సులన్నీ అలా కుంటుతూనే నడిచేవి. కాగితం అయిపోయాక పంపినది "అయిపోయింది" అంటుంది, అందుకున్నది "అందింది" అంటుంది. ఫ్యాక్సు కాల్ నియమాలను చెప్పే టీ.30 ప్రమాణంలో ఆ చివరి మాటను ఎంసీఎఫ్ అంటారు. మామగారి యంత్రం అచ్చు వేసే "ఓకే" చీటీకి ఆధారం ఆ ఒక్క మాటే. కాల్ తెగకముందే, రెండు యంత్రాలూ ఎదురెదురుగా ఉండగానే ఆ మాట పుడుతుంది.

మెయిలుకు అటువంటి ఎదురు పలుకు లేదు. అది తపాలా సంచి. ఒక సర్వరు మరొక సర్వరుకు అప్పగిస్తుంది, అది ఇంకొక దానికి. అప్పగింతలో ఒక నియమం మాత్రం గట్టిది: ఉత్తరాన్ని అందుకున్న సర్వరు 250 అనే అంకెతో ఒప్పుకున్నదంటే, ఇకపై దానిని చేర్చే బాధ్యతా, చేర్చలేకపోతే పంపినవారికి తిప్పి చెప్పే బాధ్యతా దానివే. కాబట్టి ఫ్యాక్సును మెయిలుగా మార్చే యంత్రం మీ ఇంట్లో పెట్టినప్పుడు, జపాను పెద్దాయనకు "అందింది" అని చెప్పేది మీరు కాదు, ఆ యంత్రం. ఆయన చేతిలోకి చీటీ వచ్చేసరికి మీ మెయిలు ఇంకా బయలుదేరనే లేదు. ఆ నడిమి కాలంలో కాగితం పోతే ఆయన దృష్టిలో అది మీకు అందినట్టే లెక్క. అందువల్ల మీరు ఏ సాఫ్ట్‌వేరు పెట్టినా, 250 వచ్చేదాకా అది కాగితాన్ని తన దగ్గర దాచుకోవాలి, రాకపోతే గోల చేయాలి. ఈ ఒక్కటి సరిచూసుకున్నాకే మిగతావి.

గడులు కుదించుకుపోవడానికీ కారణం చెబుతాను. మీ యంత్రంలో ఈసీఎం అనే తప్పుల సవరణ ఆగిపోయి ఉండాలి. అది లేనప్పుడు చెడిన గీతను యంత్రం వదిలేస్తుంది, లేదా పై గీతనే మళ్లీ వేస్తుంది. మామూలు నాణ్యతలో మిల్లీమీటరుకు 3.85 గీతలే కనుక రెండున్నర మిల్లీమీటర్ల గడికి పది గీతలైనా ఉండవు. లైనులో మోడెము పట్టు తప్పి మళ్లీ కుదురుకునేలోపు ఒక గడి వరుస మాయం కావడం వింత కాదు. ఈసీఎం ఉంటే కాగితం 256 బైట్ల ముక్కలుగా వస్తుంది, చెడిన ముక్కలను మళ్లీ అడిగి తెప్పించుకుంటుంది. ఆలస్యమవుతుంది గానీ కాగితం చెడదు.

లేసు గడి (నరసాపురం)

గురువుగారికి నమస్కారాలు. మెనూలో వెతికితే ఈసీఎం నిజంగానే ఆపేసి ఉన్నది. "త్వరగా రావాలని" ఎవరో మరమ్మతుదారు ఎప్పుడో ఆపాడట. దానిని మళ్లీ పెట్టి, వేగాన్ని 9,600కు తగ్గించాక పది కాగితాలలో ఏడు పూర్తిగా వచ్చాయి. కనెక్షను ఇచ్చినవారికి కోడెక్ అంటే తెలిసిన మనిషి దొరకడానికి నాలుగు ఫోన్లు పట్టింది. జీ.711 పెట్టించారు. టీ.38 తమ దగ్గర లేదన్నారు.

తీరం నెట్ (కాకినాడ)

టీ.38 లేకపోవడం లోటే. అందులో ఫ్యాక్సు కూతను పొట్లాలలో మోయరు. కూతను ఈ చివరే విప్పి, అందులోని సమాచారాన్ని మాత్రమే పంపి, ఆ చివర మళ్లీ కూతగా మారుస్తారు. ప్రతి పొట్లంలోనూ ముందటి పొట్లాల నకలు కూడా ఉంచవచ్చు కనుక దారిలో ఒకటి పోయినా నష్టం ఉండదు. దీనికి తోబుట్టువు వంటిది టీ.37. అది కాల్ నడుస్తుండగా కాకుండా, కాగితాన్ని టిఫ్ బొమ్మగా మెయిలుకు జతచేసి పంపే పద్ధతి. రెండూ 1998లోనే వచ్చాయి. మెయిలు వైపు నియమాలను అదే ఏడాది ఆర్ఎఫ్‌సీ 2305 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో రాశారు.

మీకు నా సలహా ఇది. పాత కంప్యూటరు ఒకటి, దానికొక ఫ్యాక్సు మోడెము, అందులో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం మీద హైలాఫ్యాక్స్. సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థలో పనిచేసిన సామ్ లెఫ్లర్ మొదలుపెట్టిన సాఫ్ట్‌వేరు అది, ఉచితం. వచ్చిన ప్రతి ఫ్యాక్సునూ అది మొదట తన ఫోల్డరులో టిఫ్‌గా దాస్తుంది, ఆ తర్వాతే పీడీఎఫ్‌గా మార్చి మెయిలు చేస్తుంది. మెయిలు పోయినా టిఫ్ అక్కడే ఉంటుంది. అంటే పాత ఎక్స్ఛేంజి గారు చెప్పిన బాధ్యతలో సగం అక్కడే తీరినట్టు. మీరు పంపే ఫ్యాక్సు చేరాక కూడా అది మీకు మెయిలు పంపుతుంది, ఆ మెయిలు పుట్టేది ఎంసీఎఫ్ వచ్చాకనే. మామగారి చీటీ అదే.

ఒక పక్కమాట. మెయిలు నుంచి ఫ్యాక్సుకు దారి వేయాలన్న ఆలోచన కొత్తది కాదు. 1993లోనే కార్ల్ మలమూద్, మార్షల్ రోజ్ అనే ఇద్దరు టీపీసీ డాట్ ఇంట్ అని ఒక సేవ నడిపారు. ఫ్యాక్సు నంబరును తలకిందులుగా రాసి మెయిలు చిరునామాగా వాడేవారు. మన నరసాపురం నంబరైతే చివర 4.1.8.8.1.9 అని వచ్చేది. ఎందుకు తిరగేశారంటే, ఇంటర్నెట్ పేర్లు మన పోస్టు చిరునామాలాగే ఇంటితో మొదలై జిల్లాతో ముగుస్తాయి, ఫోను నంబరు మాత్రం దేశంతో మొదలై ఇంటితో ముగుస్తుంది. ఆ మెయిలు ఏ ఊరికి వెళ్లాలో ఆ ఊళ్లోని స్వచ్ఛంద సేవకుడి కంప్యూటరుకు చేరేది, అతడు లోకల్ కాల్ ఖర్చుతో ఫ్యాక్సు చేసిపెట్టేవాడు. ఎస్టీడీ బూతు ముందు మీటరు వంక చూస్తూ మాట్లాడిన తరానికి దాని విలువ తెలుస్తుంది. ఫోను నంబరును ఇంటర్నెట్ పేరుగా మార్చడానికి 2000లో వచ్చిన ఈనమ్ పద్ధతి కూడా నంబరును ఇలాగే తిరగేసి వాడుకుంది.

పూతరేకు (ఆత్రేయపురం)

విషయం దగ్గరదే కనుక ఇక్కడే అడుగుతున్నాను. పండుగ రోజుల్లో రాత్రి వేళ హైదరాబాదు నుంచి వచ్చే ఆర్డరు కాల్స్ ఎత్తేవారు ఉండరు. వారు చెప్పిన మాట రికార్డయి మాకు మెయిలులో రాగలదా?

తీరం నెట్ (కాకినాడ)

వస్తుంది. మార్క్ స్పెన్సర్ 1999లో మొదలుపెట్టిన ఆస్టరిస్క్ అనే ఫోను ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేరులో వాయిస్ మెయిలును జతచేసి పంపే ఏర్పాటు ఉంది. కుదించకపోతే నిమిషం మాట 480 కిలోబైట్లు, జీఎస్ఎం పద్ధతిలో కుదిస్తే సుమారు వంద. మెయిలులో జతచేసిన ఏ ఫైలైనా అక్షరాలుగా మారేటప్పుడు మూడో వంతు పెరుగుతుంది, అది కలుపుకోండి.

మీది పాత రాగి లైనైతే ఒక చిక్కు ఉంది. పిలిచినవారి నంబరును మన దేశంలో చాలా ఎక్స్ఛేంజీలు మొదటి గంట కంటే ముందే, లైను ధ్రువాలు తిప్పి, డయలింగు స్వరాలతో పంపేవి. కంప్యూటరులో పెట్టే విదేశీ ఫోను కార్డులు దానిని అందుకోలేక "నంబరు తెలియదు" అని చూపేవి. ఆస్టరిస్క్ సెట్టింగులలో ఇండియా కోసమే ప్రత్యేకంగా ఒక ఎంపిక ఉంది. అది పెట్టకపోతే ఆర్డరు వినిపిస్తుంది గానీ ఇచ్చింది ఎవరో తెలియదు.

వకీలు (అమలాపురం)

వ్యాపారం కాబట్టి ఒక మాట చెప్పడం అవసరం. ఎలక్ట్రానిక్ రికార్డుకు 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం సెక్షను 4 గుర్తింపు ఇచ్చింది. కోర్టులో రుజువుగా పెట్టాలంటే ఇదివరకు సాక్ష్య చట్టంలోని 65బీ కింద ధ్రువపత్రం అవసరమయ్యేది. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షను 63 దాని స్థానంలోకి వచ్చింది. కొత్త ధ్రువపత్రం నమూనాలో ఫైలు హ్యాష్ విలువను, అంటే ఫైలు నుంచి లెక్కగట్టే వేలిముద్ర వంటి అంకెను రాయాలి. కనుక పీడీఎఫ్ ఒక్కటే దాచుకుని టిఫ్‌ను చెరిపేయకండి. అసలు రికార్డు టిఫే, దానితోపాటు ఆ కాల్ లాగ్ (కాల్ వివరాల చిట్టా). హ్యాష్‌ను వచ్చిన రోజే తీసి పెట్టుకుంటే, తగాదా వచ్చిన రోజున ఫైలు మారలేదని చెప్పడం సులువు.

పాత థర్మల్ కాగితం మీద వచ్చిన ఆర్డర్లు మీ బీరువాలో ఉంటే ముందు వాటికి జిరాక్సులు తీయించండి. మన ఉక్కకు ఆ అక్షరాలు నిలవవు. నా కక్షిదారు ఒకరు తెచ్చిన కాగితం ఏ ఒప్పందమో తేల్చడానికి కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూడవలసి వచ్చింది.

లంక కొబ్బరి (ముమ్మిడివరం)

ఎవరూ ప్రస్తావించనిది కరెంటు. రాగి తీగకు ఎక్స్ఛేంజి నుంచే 48 వోల్టులు వచ్చేవి కనుక ఇంట్లో దీపం ఆరినా ఫోను పలికేది. 1996 నవంబరు తుపానులో స్తంభాలే పడిపోయాయి, అది వేరే సంగతి. ఫైబరు డబ్బాకు కరెంటు మీ ఇంటిది. జపాను మనకంటే మూడున్నర గంటలు ముందు. అక్కడ ఉదయం తొమ్మిది అంటే ఇక్కడ తెల్లవారుజామున ఐదున్నర. ఆ వేళ కరెంటు పోతే వారి కాల్ అందుకునే యంత్రం ఉండదు, మీకు కాల్ వచ్చిన సంగతే తెలియదు. డబ్బాకూ మోడెముకూ కంప్యూటరుకూ కలిపి ఇన్వర్టరు లైను ఇప్పించండి.

పాత ఎక్స్ఛేంజి (రాజమహేంద్రవరం)

చాలా అవసరమైన మాట. నేనే చెప్పి ఉండవలసింది.

పంపే వైపు కూడా ఒక హెచ్చరిక ఉంది. మెయిలు వస్తే ఫ్యాక్సుగా డయలు చేసే యంత్రమంటే, మీ ఫోను తాళం మెయిలు పెట్టెలో ఉంచినట్టే. మెయిలులో పంపినవారి పేరును ఎవరైనా అబద్ధంగా రాయవచ్చు. నాకు తెలిసిన ఒక మిల్లులో పేరు చూసి నమ్మే ఏర్పాటు చేసుకున్నారు, ఒక్క నెలలో వచ్చిన ఐఎస్డీ బిల్లు చూసి లైనే తీయించుకున్నారు. పాస్‌వర్డుతో లోపలికి వచ్చినవారి మెయిలునే తీసుకోవాలి, అది కూడా ముందుగా రాసిపెట్టిన నాలుగైదు నంబర్లకే డయలు చేయాలి. ఇంకొకటి, సొంత ఫ్యాక్సును సొంత మెయిలుకు పంపుకోవడంలో ఏ తప్పూ లేదు. విదేశీ కాల్‌ను ఇంటర్నెట్‌లో తెచ్చి మన లోకల్ లైను మీద ఊరికి వదలడం మాత్రం చట్ట విరుద్ధం. ఎవరైనా ఆ ఆశ చూపి పెట్టె ఇస్తామంటే దగ్గరకు రానివ్వకండి.

లేసు గడి (నరసాపురం)

మూడు వారాలు పట్టింది, ఆలస్యానికి మన్నించాలి. హైలాఫ్యాక్స్ నడుస్తున్నది. ఇన్వర్టరు ఇచ్చాము. వచ్చిన పద్దెనిమిది కాగితాలలో ఒక్కటి మాత్రమే తెగింది, అదీ వారు మళ్లీ పంపారు. మెయిలు సర్వరును కావాలనే ఒక పూట ఆపి చూశాను. టిఫ్ ఫోల్డరులో భద్రంగా ఉన్నది, సర్వరు లేచాక మెయిలు దానంతటదే వెళ్లింది. మామగారికి అది స్వయంగా చూపించాకే ఒప్పుకున్నారు.

కొత్త చిక్కు ఒకటి వచ్చింది. ఫోనులో తెరిస్తే నమూనా మొత్తం నిలువున సగానికి నలిగినట్టు కనిపిస్తోంది. చదరపు గడులు అడ్డంగా సాగి ఇటుకల్లా ఉన్నాయి.

తీరం నెట్ (కాకినాడ)

మీరు ఫోనులో తెరిచింది టిఫ్ అయి ఉంటుంది. మామూలు నాణ్యత ఫ్యాక్సులో అంగుళానికి అడ్డంగా 204 చుక్కలు, నిలువుగా 98 గీతలే. ఆ సంగతి ఫైలులో రాసి ఉంటుంది గానీ చాలా ఫోను యాప్‌లు దానిని చదవకుండా చుక్కకు చుక్క వేసేస్తాయి. పీడీఎఫ్‌లో కాగితం కొలత ముందే నిర్ణయమై ఉంటుంది కాబట్టి అది తెరవండి. వీలైతే వారిని ఫైన్ నాణ్యతలో పంపమనండి. నిలువు గీతలు 196 అవుతాయి, గడి అంచు కూడా తేటపడుతుంది.

లేసు గడి (నరసాపురం)

పీడీఎఫ్‌ను అచ్చు తీసి స్కేలు పెట్టి కొలిచాము, నిలువూ అడ్డమూ సమానంగానే ఉన్నాయి. ఇప్పుడు ఆ పీడీఎఫ్‌నే అల్లేవారి గుంపుకు వాట్సాప్‌లో పంపుతున్నాము. చెరువు గట్టు గారు నవ్వుకోవచ్చు.

మిగిలింది ఒకటే. ఇద్దరిలో ఒకరి ఫ్యాక్సులు ఇంకా అప్పుడప్పుడు గీత తప్పుతున్నాయి, రెండో వారివి ఒక్కసారి కూడా తప్పలేదు. మా వైపు రెండింటికీ సెట్టింగులు ఒకటే.

పాత ఎక్స్ఛేంజి (రాజమహేంద్రవరం)

మొదటివారి యంత్రంలో ఈసీఎం లేకపోవడమో, ఆపేసి ఉండడమో అయి ఉంటుంది. ఆ సవరణకు రెండు వైపులా ఒప్పుకోలు కావాలి. ఆ కాల్ లాగ్‌లో పంపినవారు ఎంచుకున్న వివరాల వరుస చూడండి, ఈసీఎం ప్రస్తావన లేకపోతే అదే కారణం. వారు ఎనభై దాటిన పెద్దాయనే అయితే మెనూ మార్చమని అడిగే బదులు, కాగితాన్ని రెండుసార్లు పంపమని అడగండి. రెండింటినీ ఒకదాని మీద ఒకటి ఉంచి చూస్తే ఏ వరుస పోయిందో మీ మామగారికే తెలిసిపోతుంది.